పోస్టరు మీద ఒకటే పేరు

2002లో అమెరికా సీడీ దుకాణాల్లోకి రెండు పాత ఆల్బములు కొత్తగా ముస్తాబై వచ్చాయి. ఒకటి 1980 నాటి ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’, రెండోది 1981 నాటి ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’. రెండూ ఆజీ ఆస్బర్న్ అనే ఇంగ్లీషు హెవీ మెటల్ గాయకుడివి. ఇరవై ఏళ్ళుగా ఆ పాటలు వింటూ వచ్చినవాళ్ళకి కొత్త సీడీలో ఏదో తేడా వినిపించింది. గొంతు అదే. గిటారు అదే. కాని అడుగున నడిచే డ్రమ్స్, బేస్ గిటారు మాత్రం అవి కావు. మొదట వాయించిన ఇద్దరి వాయింపునీ తీసేసి, ఆ ఖాళీలో మరో ఇద్దరి చేత వాయింపించి కలిపేశారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి పెళ్ళి ఫొటోలోంచి ఇద్దరు బంధువులని కత్తిరించి, ఆ పెళ్ళికి రాని వాళ్ళ బొమ్మలు అక్కడ అతికించినట్టు.

అలా కత్తిరింపుకి గురైన ఇద్దరి పేర్లు బాబ్ డేజ్లీ, లీ కర్స్‌లేక్. ఆజీ పేరు తెలిసిన కోట్లాది మందిలో ఈ ఇద్దరి పేర్లు తెలిసినవాళ్ళు తక్కువే. ఈ వ్యాసం పైకి ఆజీ నలభై ఏళ్ళ ‘సోలో’ ప్రయాణం గురించే. కాని నిజానికి అతని పక్కన నిలబడి వాయించినవాళ్ళ గురించి.

మన పత్రికలో హెవీ మెటల్ గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ దేశంలో పిల్లల్ని పెంచిన తెలుగు తల్లిదండ్రుల్లో ఈ సంగీతాన్ని మూసిన తలుపుకి ఇవతల నుంచి విననివాళ్ళు ఎంతమంది ఉంటారు? నేను దీనికి భక్తుణ్ణి కాను, శత్రువునీ కాను. నన్ను పట్టుకున్నది సంగీతం కన్నా ముందు ఆ పేర్ల సంగతి. పదిమంది కలిసి చేసిన పని ఒక్క పేరు మీద అమ్ముడుపోతున్నప్పుడు, మిగిలిన తొమ్మిదిమందికీ దక్కవలసినదేమిటి? ఇది సంగీతానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

మన కచేరీ సంప్రదాయంలో దీనికి ఒక పద్ధతి ఉంది. కరపత్రం మీద గాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, నిజమే. కాని దాని కింద వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అన్నది కూడా ఉంటుంది. ఆకాశవాణిలో కచేరీ వేస్తే అనౌన్సరు పక్కవాద్యాల పేర్లు కూడా చదువుతారు. తని ఆవర్తనం వచ్చినప్పుడు గాయకుడు తాళం వేస్తూ వింటూ కూర్చుంటాడు. మన సినిమా పాటల దగ్గరికి వచ్చేసరికి ఈ మర్యాద మనమూ పాటించలేదనుకోండి. రికార్డు అట్ట మీద సంగీత దర్శకుడి పేరే గాని, ఆ వేణువు ఊదినవాడి పేరు చాలా వాటి మీద కనపడదు. రాక్ సంగీతంలో ఎవరి పేరు ఎక్కడ ఉండాలో తేల్చేది సంప్రదాయం కాదు, కాంట్రాక్టు.

నలుగురి పేర్లూ ఉన్న రోజులు

ఆజీ అసలు పేరు జాన్ మైకేల్ ఆస్బర్న్. 1948 డిసెంబరు 3న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనే కార్మికుల పేటలో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. తల్లిదండ్రులిద్దరూ ఫ్యాక్టరీ పనివాళ్ళే. పదిహేనో ఏట చదువు మానేశాడు. కబేళాలో పని చేశాడు, కారు హారన్లు సరిగ్గా మోగుతున్నాయో లేదో చూసే పని చేశాడు. ఒక దొంగతనం కేసులో జరిమానా కట్టలేక కొన్ని వారాలు జైల్లో కూడా ఉన్నాడు.

1968లో అదే చుట్టుపక్కల పేటల కుర్రాళ్ళు ముగ్గురితో కలిసి బ్యాండు కట్టాడు. గిటారు టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. అయోమీకి పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద చెయ్యి పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. వాటికి ప్లాస్టిక్ తొడుగులు తగిలించుకుని, తరువాత తరువాత తీగల బిగువు కూడా తగ్గించి వాయించాడు. హెవీ మెటల్‌కి గుర్తుగా నిలిచిపోయిన ఆ బరువైన, మందరమైన నాదం వెనక ఆ తెగిన వేళ్ళు ఉన్నాయి. ఈ బ్యాండే బ్లాక్ సాబత్. మొదటి ఆల్బము 1970 ఫిబ్రవరి 13న వచ్చింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. సాబత్ పాటల్లో మాటలు ఎక్కువగా రాసింది గీజర్ బట్లర్. గిటారు బాణీలు అయోమీవి. ఆజీ చేసేది గొంతుకి తగిన వరస కట్టి పాడటం. అయినా తొలి రోజుల ఆల్బముల మీద పాటల రచయితలుగా నలుగురి పేర్లూ వేసేవారు. ఎవరు ఎంత చేశారన్న లెక్క బయటికి వచ్చేది కాదు. తాగుడు, మత్తుమందులు మితిమీరి 1979లో సాబత్ ఆజీని బయటికి పంపేసింది. అతని స్థానంలోకి రానీ జేమ్స్ డియో అనే అమెరికన్ గాయకుడు వచ్చాడు. ఆజీ లాస్ ఏంజలెస్‌లో ఒక హోటలు గదిలో పరదాలు వేసుకుని తాగుతూ కూర్చున్నాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు.

పేరు తిరగబడింది

అతణ్ణి గదిలోంచి బయటికి లాగింది షారన్. సాబత్ మేనేజరు, జెట్ రికార్డ్స్ యజమాని అయిన డాన్ ఆర్డెన్ కూతురు ఆమె. 1982లో ఆజీని పెళ్ళి చేసుకుంది. ఆజీ వ్యవహారాలు తండ్రి చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నందుకు ఆ తండ్రీకూతుళ్ళకి సుమారు ఇరవై ఏళ్ళపాటు పడలేదు. ఈ కథలో మంచికీ చెడుకీ కూడా షారన్ ఉంది. ఆమె లేకపోతే ఆజీ ఎనభైల్లోనే చచ్చిపోయి ఉండేవాడని ఆమెను తిట్టేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఆజీకి చేతిలో వాయిద్యం లేదు. మనసులో మెదిలిన వరసని కూనిరాగంగా తీస్తే, దాన్ని పాటగా కట్టేవాళ్ళు కావాలి. అలా దొరికినవాళ్ళు ముగ్గురు. మొదటివాడు ర్యాండీ రోడ్స్, కాలిఫోర్నియా కుర్రాడు, 1956లో పుట్టాడు. అతని తల్లి నార్త్ హాలీవుడ్‌లో ‘మ్యుజోనియా’ అనే సంగీత పాఠశాల నడిపేది. ర్యాండీ అక్కడే పిల్లలకి గిటారు పాఠాలు చెప్పేవాడు. యూరోపు శాస్త్రీయ సంగీతం మీద అతనికి ఎంత ఇష్టమంటే, టూరులో ఏ ఊరు వెళ్ళినా అక్కడ క్లాసికల్ గిటారు చెప్పే గురువు ఉన్నాడేమో వెతుక్కుని పాఠం చెప్పించుకునేవాడు. రెండోవాడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బాబ్ డేజ్లీ, బేస్ గిటారు. మాటలు రాయగలవాడు కూడా. మూడోవాడు యూరయా హీప్ బ్యాండులో పేరు తెచ్చుకున్న డ్రమ్మరు లీ కర్స్‌లేక్. కీబోర్డు మీద డాన్ ఎయిరీ సహకరించాడు.

1980లో ఇంగ్లండులో రిజ్ ఫార్మ్ అనే పల్లెటూరి స్టూడియోలో వీళ్ళు మొదటి ఆల్బము తయారుచేశారు. డేజ్లీ చెప్పేదేమిటంటే, అది నలుగురూ సమానంగా ఉన్న ఒక బ్యాండు, ఆ బ్యాండు పేరే ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’. అట్ట మీద బ్యాండు పేరు పెద్దగా, ఆజీ పేరు చిన్నగా వస్తుందని వాళ్ళు అనుకున్నారట. తీరా చూస్తే తిరగబడింది. ఆజీ ఆస్బర్న్ అన్నది పెద్దక్షరాల్లో ఉంది. బ్యాండు పేరు కాస్తా ఆల్బము పేరయి కూర్చుంది. ఆ ఒక్క మార్పుతో నలుగురి బ్యాండు ఒక యజమాని, ముగ్గురు పనివాళ్ళుగా మారిపోయింది. ఆ ఆల్బము అమెరికాలోనే 40 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. అందులోని ‘క్రేజీ ట్రెయిన్’ గిటారు మొదలుపెట్టగానే గుర్తుపట్టని అమెరికన్ ఉండడు. స్టేడియముల్లో ఆటల మధ్య మన పిల్లలు కూడా వినే ఉంటారు. దానికి మాటలు రాసినది డేజ్లీ.

మరుసటి సంవత్సరమే అదే నలుగురూ అదే స్టూడియోలో రెండో ఆల్బము ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ రికార్డు చేశారు. అది విడుదల కాకముందే డేజ్లీనీ కర్స్‌లేక్‌నీ తీసేశారు. అమెరికా టూరుకి బేస్ మీద రూడీ సార్జో, డ్రమ్స్ మీద టామీ ఆల్డ్రిడ్జ్ వచ్చారు. ఇద్దరూ మంచి కళాకారులే. కాని 1981 నవంబరులో ఆల్బము వచ్చినప్పుడు దాని అట్ట మీద పేర్లూ ఫొటోలూ ఈ ఇద్దరివే ఉన్నాయి. ఆ ఆల్బములో వాళ్ళు ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

కాబట్టి 2002లో జరిగినది అకస్మాత్తుగా జరిగినది కాదు. 1981లో వాయింపు ఉంచి పేర్లు మార్చారు. 2002లో వాయింపునే మార్చేశారు.

ఒక విమానం, రెండు వారాలు

1982 జనవరి 20న అయోవా రాష్ట్రంలోని డె మొయిన్‌లో ఎవరో వేదిక మీదకి విసిరిన గబ్బిలాన్ని ఆజీ రబ్బరు బొమ్మ అనుకుని తల కొరికాడు. నలభై ఏళ్ళ తరువాత కూడా పత్రికలు అతని గురించి రాస్తే ముందు ఆ గబ్బిలమే వచ్చేది. ఆ రాత్రి అతని పక్కన నిలబడి ఎవరు ఏమి వాయించారన్నది ఎవరికీ అక్కరలేకపోయింది.

రెండు నెలలకే ఘోరం జరిగింది. మార్చి 18న టెనసీలోని నాక్స్‌విల్‌లో కచేరీ ముగించుకుని బస్సు ఫ్లోరిడాలోని ఆర్లాండో వైపు బయలుదేరింది. మర్నాడు పొద్దున్నే లీస్‌బర్గ్ అనే ఊళ్ళో, చిన్న విమానాలు దిగే ఒక ఎస్టేటు దగ్గర ఆగారు. బస్సు డ్రైవరుకి విమానం నడపడం వచ్చు. అక్కడున్న చిన్న విమానం ఒకటి తీసి సరదాగా తిప్పడం మొదలుపెట్టాడు. రెండోసారి ఎక్కినవాళ్ళలో ర్యాండీ రోడ్స్ ఉన్నాడు. విమానం ఆగి ఉన్న బస్సుకి మరీ దగ్గరగా కిందికి వచ్చి, రెక్క దానికి తగిలి, పక్కనున్న ఇంటి మీద పడి కాలిపోయింది. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. ర్యాండీకి 25 ఏళ్ళు. ఈ టూర్లు వదిలేసి విశ్వవిద్యాలయంలో క్లాసికల్ గిటారు చదువుకుంటానని అప్పటికే తనతో చెప్పాడని ఆజీ తరువాతి రోజుల్లో చెప్పుకున్నాడు.

ఏప్రిల్ 1న పెన్సిల్వేనియాలోని బెత్లహెమ్‌లో మళ్ళీ కచేరీ జరిగింది. ప్రమాదానికీ దానికీ మధ్య రెండు వారాలు కూడా నిండలేదు. ఐర్లండు నుంచి వచ్చిన బర్నీ టోర్మే అనే గిటారిస్టు ఆ పాటలన్నీ హడావిడిగా నేర్చుకుని వేదిక ఎక్కాడు. కొద్ది కచేరీల తరువాత అతను వెళ్ళిపోతే బ్రాడ్ గిల్లిస్ వచ్చాడు.

ఇది కర్కశంగా కనిపిస్తుంది. టూరు అన్నదాని లోపలి నిర్మాణం తెలిస్తే కారణమైనా అర్థమవుతుంది. ఒక పెద్ద టూరు అంటే నెలల ముందే తీసుకున్న హాళ్ళు, అమ్మేసిన టిక్కెట్లు, ట్రక్కులు, దీపాలు, ధ్వని పరికరాలు, వాటిని ఎక్కించి దించే పదుల కొద్దీ పనివాళ్ళు. ఆగిన ప్రతి రాత్రికీ ఖర్చు ఉంటుంది, రాబడి ఉండదు. పైగా ఆజీ ఆగితే మళ్ళీ లేవడని షారన్ భయం. బ్యాండు పేరు నలుగురిదీ అయితే ఒకరు పోయినప్పుడు మిగిలిన ముగ్గురూ కూర్చుని ఆలోచించుకుంటారు. పేరు ఒక్కడిదే అయినప్పుడు ఆ ఒక్కడు నిలబడగలిగితే చాలు, బండి కదలాలి. సోలో కచేరీకి ఉన్న బలమూ అదే, దానిలోని క్రూరత్వమూ అదే.

వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు

ఆ తరువాతి ముప్పై ఏళ్ళ చరిత్ర ఒక పెద్ద ఉమ్మడి కుటుంబపు వంశవృక్షంలా ఉంటుంది. గిటారు మీదకి జేక్ ఇ. లీ వచ్చాడు. 1983లో కాలిఫోర్నియాలో లక్షలమంది వచ్చిన యూఎస్ ఫెస్టివల్‌లో ఆజీ పక్కన నిలబడ్డాడు. ఆ ఏడాది వచ్చిన ‘బార్క్ ఎట్ ద మూన్’ ఆల్బములో గిటారు అంతా అతనిదే. తీసేసిన డేజ్లీని మళ్ళీ పిలిపించుకున్నారు, అతను బేస్ వాయించి మాటలూ రాశాడు. అట్ట తిప్పి చూస్తే మాత్రం పాటలన్నీ రాసినది ఆజీ ఆస్బర్న్ ఒక్కడే అని ఉంది. తనకి రచనలో వాటా ఇస్తామన్న మాట నిలుపుకోలేదని, తీరా సంతకం పెట్టవలసి వచ్చిందని లీ తరువాత చెప్పాడు. డేజ్లీ తన వాటాకి డబ్బు పుచ్చుకుని పేరు వదులుకున్నాడు.

పేరు ఉన్నవాడికి లాభమే కాదు, చిక్కులూ ఉంటాయి. 1984లో కాలిఫోర్నియాలో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడు ఆత్మహత్య చేసుకున్నాడు. చనిపోయే ముందు ఆజీ పాటలు విన్నాడని, ‘సూయిసైడ్ సొల్యూషన్’ అనే పాటే కారణమని తల్లిదండ్రులు దావా వేశారు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనకి ఆ తల్లిదండ్రుల గుండెకోత అర్థం కాకపోదు. భావప్రకటన స్వేచ్ఛని బట్టి కోర్టు దావాని కొట్టేసింది. 1988లో అప్పీలు కోర్టు కూడా అదే అంది. విచిత్రమేమిటంటే ఆ పాట తాగుడు మనిషిని ఎలా చంపుతుందో చెప్పే పాట. మాటలు రాసినది డేజ్లీ. ఎదురుగా తాగి తాగి చావుకి దగ్గరవుతున్న ఆజీని చూసే రాశానంటాడు. ఆజీ మాత్రం అది 1980లో తాగుడు వల్ల చనిపోయిన మరో గాయకుడు బాన్ స్కాట్ గురించి అనేవాడు. అంటే తనని హెచ్చరిస్తూ వేరొకడు రాసిన పాటకి ఆజీ కోర్టులో జవాబు చెప్పుకోవలసి వచ్చిందన్న మాట. పోస్టరు మీద పేరు ఎవరిదో బోనులో నిలబడేది కూడా వాడే. ఈ పద్ధతిని సమర్థించేవాళ్ళ దగ్గర ఉన్న గట్టి వాదన ఇది.

1987లో లీని పంపేశారు. న్యూజెర్సీ నుంచి జాక్ వైల్డ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు వచ్చాడు. పోతూ వస్తూ ఉన్నా ఆజీ పక్కన ఎక్కువకాలం నిలిచిన గిటారిస్టు ఇతనే. 1989 ఆగస్టులో మాస్కో లెనిన్ స్టేడియములో జరిగిన శాంతి ఉత్సవంలో ఆజీ బృందం వాయించినప్పుడు బేస్ మీద ఎవరనుకున్నారు? పాత సాబత్ మిత్రుడు గీజర్ బట్లర్. స్టూడియోలో బేస్ వాయించినది మాత్రం మళ్ళీ డేజ్లీ. ఈ రెండు వరసల పద్ధతి అప్పటికి స్థిరపడిపోయింది. రికార్డింగులో వాయించేది ఒకరు, వేదిక మీద జనానికి కనిపించేది ఇంకొకరు. 1991 నాటి ‘నో మోర్ టియర్స్’ ఆల్బములోనూ బేస్ డేజ్లీదే, టూరుకి వెళ్ళినది మైక్ ఐనెజ్. ఆ ఆల్బములో నాలుగు పాటలకి మాటలు రాసినది మోటర్‌హెడ్ బ్యాండు నాయకుడు లెమ్మీ. తన సొంత బ్యాండుతో పదిహేనేళ్ళు ఊరూరా తిరిగి సంపాదించిన దానికన్నా ఆ నాలుగు పాటల మీద ఎక్కువ వచ్చిందని అతను చెప్పుకునేవాడు. పేరు కాగితం మీద ఉంటే జరిగేది అది.

1992లో ‘నో మోర్ టూర్స్’ అని ఆజీ విరమణ ప్రకటించాడు. మూడేళ్ళు తిరక్కుండా విరమణ విసుగు పుట్టిందని అదే అర్థం వచ్చే పేరుతో మళ్ళీ టూరు మొదలుపెట్టాడు. ఆ దఫా కొన్నాళ్ళు గిటారు వాయించిన జో హోమ్స్ ఒకప్పుడు ర్యాండీ రోడ్స్ దగ్గర పాఠాలు నేర్చుకున్న శిష్యుడు. 1996లో లాలాపలూజా అనే ఉత్సవం ఆజీని వద్దంటే, షారన్ సొంతంగా ‘ఆజ్‌ఫెస్ట్’ మొదలుపెట్టింది. మొదటి ఏడు రెండే ఊళ్ళలో జరిగిన ఆ ఉత్సవం తరువాత ఏటేటా దేశమంతా తిరిగి, ఎన్నో కొత్త బ్యాండులకి మొదటి పెద్ద వేదిక అయింది.

2003లో మరో తమాషా. ఆజీ బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహీయోని మెటాలికా బ్యాండు తీసుకుంది. అంతకుముందు మెటాలికాని వదిలేసిన జేసన్ న్యూస్టెడ్ వచ్చి ఆజీ పక్కన నిలబడ్డాడు. 2004 నుంచి కీబోర్డు వాయించిన ఆడం వేక్‌మన్ తండ్రి రిక్ వేక్‌మన్. ఆ తండ్రి 1973లో సాబత్ ఆల్బము ఒకదానిలో వాయించాడు. 2009లో గ్రీసు నుంచి గస్ జీ వచ్చాడు, 2017లో జాక్ వైల్డ్ తిరిగి వచ్చాడు. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళని ఎంచి ప్రపంచం ముందు నిలబెట్టడంలో ఆజీకి ఉన్న కన్ను అసాధారణమైనది. ర్యాండీ చనిపోయాక అతని పేరుతో 1987లో ప్రత్యక్ష కచేరీల ఆల్బము వేసి, అట్ట మీద అతని బొమ్మ పెట్టినది కూడా ఆజీయే. అతను పక్కవాద్యాలని ప్రేమించలేదని ఎవరూ అనలేరు. ప్రేమ వేరు, లెక్క వేరు.

తీసేసినా మిగిలినది

ఇక మొదట చెప్పిన సంగతికి వద్దాం. డేజ్లీ, కర్స్‌లేక్ ఎనభైల్లోనే కోర్టుకి వెళ్ళి రచనకి సంబంధించిన హక్కులు కొన్ని దక్కించుకున్నారు. తొంభైల చివర వాయింపుకి రావలసిన రాయల్టీల కోసం మళ్ళీ దావా వేశారు. దానికి జవాబుగానా అన్నట్టు 2002లో కొత్త సీడీలు వచ్చాయి. అప్పటి ఆజీ బృందంలోని రాబర్ట్ ట్రుహీయో బేస్, మైక్ బోర్డిన్ డ్రమ్స్ కొత్తగా వాయించారు. ఆ ఇద్దరూ దావాలతో తమని వేధించారని, అందుకే తీసేశామని షారన్ చెప్పింది. ఆ నిర్ణయం తనది కాదని ఆజీ తరువాత అన్నాడు. దావా కోర్టులో నిలబడలేదు, 2003లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. చట్టం దృష్టిలో ఆ టేపులు వాళ్ళవి కావు.

చట్టం మాట అలా ఉంచి, ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి. రాక్ పాట రికార్డు చేసేటప్పుడు సాధారణంగా డ్రమ్స్ పునాది. డ్రమ్మరు కాలప్రమాణం పట్టుకుంటాడు, బేస్ దాన్ని అంటిపెట్టుకుని నడుస్తుంది, వాటి మీద గిటారు, ఆ పైన గొంతు. మనిషి వేసే తాళం గడియారం ముల్లులా ఉండదు. ఒకచోట వెంట్రుకవాసి ముందుకి తోస్తాడు, ఇంకొకచోట కాస్త వెనక్కి లాగుతాడు. 1980లో ర్యాండీ రోడ్స్ వేళ్ళు ఆ తోపుడుకీ ఆ లాగుడుకీ లోబడి నడిచాయి. 2002లో పని తలకిందులయింది. పునాది తీసేసి, గోడలకి సరిపోయేలా కింద కొత్త పునాది పోశారు. కొత్త డ్రమ్మరు చనిపోయిన గిటారిస్టు వెంట నడవవలసి వచ్చింది. అంటే ఏమిటి? కర్స్‌లేక్ చేతి చప్పుడు పోయింది గాని, అతను పట్టిన కాలం ర్యాండీ గిటారులో అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయాలంటే ర్యాండీని కూడా తీసేయాలి. ఆ పని ఎవరికీ సాధ్యం కాదు. కలిసి చేసిన పనికి ఉన్న లక్షణమే ఇది. ఒకరి పని ఇంకొకరి పనిలో ఇంకిపోతుంది. మా సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఇది బాగా తెలుసు. ఎప్పుడో వెళ్ళిపోయినవాడు రాసిన కోడు చెరిపేసినా, దాని చుట్టూ అల్లుకున్న మిగతా కోడు అంతా వాడి ఆలోచన ఆకారంలోనే ఉంటుంది.

శ్రోతలు ఊరుకోలేదు. పాత సీడీలు వెతికి మరీ కొనుక్కున్నారు. చివరికి 2011లో అసలు వాయింపుతోనే రెండు ఆల్బములూ మళ్ళీ వచ్చాయి. 2018లో కర్స్‌లేక్ క్యాన్సరుతో బాధపడుతూ ఆజీ దంపతులకి ఉత్తరం రాశాడు. డబ్బు అడగలేదు. ఆ రెండు ఆల్బములకీ ఇచ్చే ప్లాటినమ్ పలకలు తనకి ఎప్పుడూ అందలేదని, పోయేలోగా తన ఇంటి గోడ మీద పెట్టుకోవాలని ఉందని అడిగాడు. ఆజీ పంపించాడు. కర్స్‌లేక్ 2020 సెప్టెంబరు 19న, 73వ ఏట చనిపోయాడు. ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’ నలభై ఏళ్ళ ప్రత్యేక సంచిక వచ్చినది కూడా ఆ నెలలోనే. అందులో డ్రమ్స్ వాయించినది అతనే.

చివరి వేదిక

ఆజీ ఆరోగ్యం 2019 నుంచి దిగజారింది. ఇంట్లో పడి మెడకి దెబ్బ తగిలింది. 2020 జనవరిలో తనకి పార్కిన్సన్ జబ్బు ఉందని చెప్పాడు. 2023 ఫిబ్రవరిలో ఇక ఊరూరా తిరగలేనని ప్రకటించాడు. 2024 అక్టోబరులో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో సోలో గాయకుడిగా చేర్చారు. సాబత్‌తో 2006లోనే అక్కడ చేరాడు, ర్యాండీ రోడ్స్‌కి 2021లో అదే సంస్థ గౌరవం దక్కింది.

2025 జూలై 5న, పుట్టి పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో చివరి కచేరీ జరిగింది. నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. మొదట సోలో పాటలు ఐదు. గిటారు జాక్ వైల్డ్, బేస్ మైక్ ఐనెజ్, డ్రమ్స్ టామీ క్లుఫెటోస్, కీబోర్డు ఆడం వేక్‌మన్. ఆ ఐదింటిలో నాలుగు 1980లో రిజ్ ఫార్మ్‌లో పుట్టినవే. అదే రోజు అంతకుముందు జేక్ ఇ. లీ కూడా వచ్చి తన నాటి పాటలు వాయించాడు. చివరగా అయోమీ, బట్లర్, వార్డ్ వచ్చి ఆజీతో నాలుగు పాటలు వాయించారు. నలుగురూ కలిసి వేదిక ఎక్కడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. పదిహేడు రోజులకి, జూలై 22న, ఆజీ 76వ ఏట కన్నుమూశాడు.

ఆ రాత్రి బాబ్ డేజ్లీ వేదిక మీద లేడు. కాని నలభై వేలకు పైగా జనం ‘క్రేజీ ట్రెయిన్’ గొంతు కలిపి పాడినప్పుడు వాళ్ళ నోట పలికినవి అతని మాటలే. పోస్టరు మీద చోటు తక్కువ, అందరి పేర్లూ పట్టవు, నిజమే. అట్ట వెనక మాత్రం చోటుకి ఎప్పుడూ కరువు లేదు. మీ అబ్బాయో అమ్మాయో ఈ పాటలు పెట్టినప్పుడు, చప్పుడు తగ్గించమనే ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి, డ్రమ్స్ ఎవరని. లీ కర్స్‌లేక్ అని జవాబు వస్తే ఆ బిడ్డకి సంగీతం వినడం వచ్చినట్టే.